తిరుగు బాడుగ: రవాణా శాఖ మంత్రి గారికి డోన్ నుంచి బహిరంగ లేఖ

శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,
రవాణా శాఖ మంత్రి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.



మీది రాయచోటి. మే నెలాఖరులో ఇల్లు మారడమంటే ఏమిటో, పొద్దున పది దాటితే బీరువా రేకు ఎట్లా కాగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. సామాన్లు దించేశాక ఊరికే తిరిగొచ్చే బండి గురించి, అందులో ఎవరి అవసరానికీ అక్కరకు రాకుండా కాలిపోయే డీజిల్ గురించి రాస్తున్నాను. ఇది మీ శాఖ చేతిలో ఉన్న పనే. తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా చక్కబడుతుందన్న నమ్మకంతోనే ఈ లేఖ.

డోన్‌లో ఇల్లు ఖాళీ చేసి కర్నూలుకు పోవాలనుకోండి. అడ్డా మీదికి పోయి టాటా ఏస్‌నో, బొలేరో పికప్‌నో మాట్లాడుకుంటాం. ఏమేం సామాన్లు, ఎన్నో అంతస్తు అని డ్రైవరు అడుగుతాడు. ఆ తర్వాత అతను చెప్పే బాడుగలో రానూ పోనూ రెండు దార్లూ కలిసే ఉంటాయి. అందులో అతని తప్పేమీ లేదు. కర్నూలులో సామాన్లు దించాక యాభై కిలోమీటర్ల పైచిలుకు ఖాళీగా రావాలి. అమకతాడు టోల్‌గేటు బండిలో సరుకుందా లేదా అని చూడదు. ఖాళీ బండి డీజిల్ బాగా తక్కువ తాగుతుందని చాలామంది అనుకుంటారు గానీ తగ్గేది కొంతే. బండి తన సొంత బరువును ఈడ్చుకుపోవడానికి, గాలిని చీల్చుకుపోవడానికి అయ్యే ఖర్చు సరుకున్నా లేకున్నా తప్పదు కదా.

అదే రోజు కర్నూలులో ఇంకో కుటుంబం డోన్‌కు రావడానికి ఇంకో బండి మాట్లాడుకుని ఉంటుంది. అది ఇక్కడ దించి అక్కడికి ఖాళీగా పోతుంది. రెండు ఖాళీ బండ్లూ వెల్దుర్తి దగ్గర ఒకదానికొకటి ఎదురై ఎవరి దారిన అవి పోతాయి. రెండు కుటుంబాలు కలిసి నాలుగు దార్ల డీజిల్‌కు డబ్బు కట్టాయి. సామాన్లు కదిలింది మాత్రం రెండు దార్లలోనే.

డోన్ లాంటి ఊళ్లో బాడుగ ఇళ్లు మారేవాళ్లలో ఉద్యోగులు చాలామంది. బడి అయ్యవార్లు, రెవెన్యూ వాళ్లు, పోలీసులు, బ్యాంకుల వాళ్లు, జంక్షన్ ఊరు కాబట్టి రైల్వే వాళ్లు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది, రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. అంతవరకూ ఏ పనికైనా కర్నూలు దారే పట్టిన వాళ్లకు బేతంచెర్ల మీదుగా నంద్యాల దారి కూడా తోడైంది. అది ఇంకా దూరం, డెబ్బై ఎనభై కిలోమీటర్లు. పైగా నంద్యాల కుందూ లోయలో ఉంది. డోన్ దానికంటే సుమారు రెండు వందల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి సామాన్లు ఎక్కించుకుని ఎర్రమలల మీదుగా ఇటు వచ్చే బండికి ఆ ఎగువ దారి డీజిల్ అదనం.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతి. బదిలీ ఎప్పుడూ ఒక వైపే జరగదు. డోన్ నుంచి ఒక టీచరు నంద్యాలకు పోతే, ఆ ఖాళీలోకి ఎక్కడి నుంచో ఇంకొకరు వస్తారు. పరస్పర బదిలీ అయితే చెప్పనే అక్కర్లేదు, ఇక్కడివారు అక్కడికి, అక్కడివారు ఇక్కడికి, అదే వారంలో. అంటే ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ తేదీలోపు ఎవరు కదలాలో రాసిన జాబితా ప్రభుత్వం దగ్గరే తయారవుతోంది. బండ్ల వాళ్లకు కావలసిన తిరుగు లోడు జాబితా అదే. దాన్ని ఆ కంటితో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఉత్తర్వు వస్తుంది, రిలీవ్ అవుతారు, చేరతారు. సామాన్ల సంగతి ఎవరికి వారే, ఎవరి బండి వారిదే.

పెద్ద లారీల వాళ్లు ఈ పని ఏనాడో నేర్చుకున్నారు. డోన్, బేతంచెర్ల నుంచి నాపరాయి, పాలిష్ బండలు హైదరాబాద్ వైపు పోతాయి. బండలు దించిన లారీ డ్రైవరు ఖాళీగా ఇంటిదారి పట్టాలనుకోడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేస్తాడు, తెలిసిన బ్రోకరును అడుగుతాడు. ఒక పూట కాచుకునైనా సిమెంటో, ఎరువో, ఏది దొరికితే అది వేసుకుని వస్తాడు. ఆ రాబడే అతని లాభం. పోయిన లోడు ఖర్చులకు సరిపోతుంది, వచ్చే లోడు మిగులుతుంది. ఐరోపా దేశాల్లో సరుకు బండ్లు తిరిగే దూరంలో సుమారు ఐదో వంతు ఖాళీగానే తిరుగుతాయని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. అంత ఏర్పాటున్న చోటే ఆ మాత్రం ఖాళీ ఉంటే, ఒక్క ఇంటి సామాను మోసే మన చిన్న బండికి వచ్చే దారి మొత్తం ఖాళీయే.

చిన్న బండికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు లేదు, బ్రోకరు లేడు. స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఏస్‌లు, పికప్‌లలో చాలా మోడళ్లు ఆ లోపే వస్తాయి. చిన్న బతుకుల వాళ్లకు అది మేలు చేసిన నియమమే, దాన్ని మార్చమని నేను అడగను. కానీ అందువల్ల ఈ బండ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ ఖాళీగా తిరుగుతున్నాయో మీ శాఖ కంటికి ఆనడం లేదు.

ఇల్లు మారేవాళ్లు చేసే లెక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న బండి మైలేజీ ఎక్కువ ఇస్తుంది కాబట్టి చవక అనుకుంటారు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని బలం అదే. రెండు సిలిండర్ల 700 సీసీ ఇంజిను, ముప్పాతిక టన్ను మోత, ఏడడుగుల తొట్టి. పల్లె సందుల్లోకి కూడా దూరే ఆ బండి వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. అయితే ఇంటి సామాను బరువుతో కాదు, జాగాతో బండిని నింపుతుంది. మంచాలు, బీరువా, ఫ్రిజ్, పరుపులు, సోఫా పెట్టేసరికి తొట్టి నిండిపోతుంది, బరువు అర టన్ను కూడా ఉండదు. అప్పుడు రెండో ట్రిప్పు తప్పదు. అక్కడే లెక్క తిరగబడుతుంది.

ఉజ్జాయింపుగా వేసి చూపిస్తాను. డోన్, కర్నూలు మధ్య 55 కిలోమీటర్లు అనుకుందాం. ఏస్ సామానుతో లీటరుకు 15, ఖాళీగా 19 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. రెండు ట్రిప్పులంటే సామానుతో 110, ఖాళీగా 110. మొత్తం 13 లీటర్ల పైన కాలుతుంది. పికప్ మైలేజీ తక్కువే, సామానుతో 10, ఖాళీగా 13 అనుకుందాం. కానీ ఒక్క ట్రిప్పులో పని అయిపోతుంది కాబట్టి పోవడానికి 5.5, రావడానికి 4.2, అంతా కలిపి 10 లీటర్ల లోపే. తక్కువ మైలేజీ బండే తక్కువ డీజిల్ తాగింది. ఇక ఆ పికప్ తిరిగి వచ్చేటప్పుడు కర్నూలు కుటుంబం సామాను వేసుకొస్తే, రెండు ఇళ్లు మారడానికి కలిపి అయ్యేది 11 లీటర్లు. వాళ్లిద్దరూ విడివిడిగా ఏస్‌లు పెట్టుకుని రెండేసి ట్రిప్పులు వేస్తే 26 లీటర్లు. అదే ఇళ్లు, అదే సామాన్లు, అదే రోడ్డు. ఏ బండికైనా నేనిచ్చిన మైలేజీ అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చి చూడండి, తేడా మాత్రం ఇట్లాగే నిలుస్తుంది.

రెండో ట్రిప్పు తప్పించుకోవడానికి ఏస్‌లోనే అంతా కుక్కేవాళ్లు ఉన్నారు. జాగా లేక పైకి పేరుస్తారు. నిలబెట్టిన బీరువా, దాని మీద పరుపులు, పరుపుల మీద ప్లాస్టిక్ కుర్చీలు, చివర్లు రెపరెపలాడే పట్ట. హైవే మీద దీనికయ్యే ఖర్చు కంటికి కనబడదు. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగాన్ని 80 చేస్తే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లు అవుతుంది. క్యాబిన్ పైకి రెండు మూడు అడుగులు లేచిన సామాను ఆ గాలికి ఎదురుగా గోడలా నిలుస్తుంది. 1978 నుంచి పనిచేస్తున్న కేంద్ర సంస్థ పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్లుగా చెబుతున్నది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగమే మేలని. ఆ వేగంతో డోన్ నుంచి కర్నూలుకు గంట నుంచి గంటా పావు. సామాను ఎక్కించి దించడానికే పూటంతా పట్టే పనిలో ఆ ఇరవై ముప్పై నిమిషాల తొందర వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఇక బరువే పరిమితి దాటితే అది డీజిల్ సంగతి కూడా కాదు. బ్రేకులు, టైర్లు, ప్రాణాలు. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఒక్క జరిమానాతో డ్రైవరన్న నెల సంపాదన పోతుంది.

మంచం కోళ్లు, పట్టెలు విప్పితే, బీరువాను తొట్టి పొడవునా పడుకోబెడితే, ఖాళీ డ్రమ్ముల్లో బట్టలు, గిన్నెలు నింపితే చాలా ఇళ్ల సామాను ఒక్క బండిలో సర్దుకుంటుంది. సామాను ఎక్కించేంతసేపూ ఇంజిను ఆపేస్తే, బయలుదేరే ముందు టైర్లలో గాలి సరిచూసుకుంటే అదీ కలిసొస్తుంది. ఇవన్నీ మన హమాలీలకు నాకంటే బాగా తెలుసు. గంటకు ఇంత అని వాళ్లకు కూలి కడితే ఓపికగా విప్పి సర్దుతారు. మొత్తం పని మీద బేరమాడితే ఎత్తి పడేసి పోతారు. వాళ్ల కూలిలో రెండు వందలు తగ్గించి, రెండో ట్రిప్పుకు ఆరు వందలకు పైన డీజిల్ పోయడం ఇళ్లు మారేవాళ్లు మానుకోవాలి.

బండి మీద మనుషులను ఎక్కించే అలవాటు కూడా పోవాలి. సామాను యజమాని ఒకరు క్యాబిన్‌లో కూర్చోవచ్చు. ఇల్లంతా పరుపుల మీద కూర్చుని పోతే, జరగరానిది జరిగినప్పుడు బీమా వర్తించదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. మీ ప్రభుత్వం 2025 ఆగస్టు 15న మొదలుపెట్టిన స్త్రీ శక్తి పథకంతో ఇంటి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. బస్సు ఎట్లాగూ పోతోంది. వాళ్లు బస్సెక్కితే క్యాబిన్ ఇరుకూ తగ్గుతుంది, రెండో బండి అవసరమూ తగ్గుతుంది. పుస్తకాలు, వంట సామాన్ల పెట్టెలు ఆర్టీసీ కార్గోలో వేస్తే తొట్టిలో మూడో వంతు జాగా మిగిలే ఇళ్లున్నాయి, ముఖ్యంగా టీచర్ల ఇళ్లు. ఈ దారి ఉందని చాలామందికి తోచదు. డిపోలో ఒక బోర్డు పెట్టించండి.

ముహూర్తాల సంగతి కూడా మీ లెక్కలోకి రావాలి. మన వాళ్లు ఆషాఢంలో ఇల్లు మారరు, శూన్యమాసంలో మారరు, మంగళవారం మారరు. బదిలీల కాలంలో, జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచేలోపు, పంచాంగంలో మంచివని తేలిన కొద్ది రోజుల్లోనే అందరూ పాలు పొంగించాలి. దాంతో ఆ రోజుల్లో బండి దొరకదు, దొరికినా బాడుగ చెప్పినంత. కెనడాలోని క్యూబెక్‌లో ఏటా జూలై 1న వేలాది ఇళ్లు ఒకేసారి మారతాయి, అక్కడా ఇదే గోల. కానీ అందరూ ఒకే రోజు కదలడంలో ఒక మేలూ ఉంది. ఆ రోజున అటు పోయే ఇల్లూ ఇటు వచ్చే ఇల్లూ రెండూ ఉంటాయి. జోడీ కుదరడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ముహూర్తాన్ని మార్చమని ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఆ ముహూర్తంలోనే రెండు ఇళ్లకూ ఒక బండి చూపిస్తే చాలు.

డ్రైవర్లకు నష్టమా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే అప్పు చేసి బండి కొన్నవాళ్లు నెల తిరిగేసరికి కంతు కట్టాలి. కర్నూలుకు రానూ పోనూ బాడుగ 3,000 అనుకుందాం. తిరుగు లోడు కుదిరితే ఒక్కో కుటుంబం 2,000 ఇచ్చినా డ్రైవరుకు 4,000 వస్తుంది, డీజిల్ మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. ఒక్కో కుటుంబానికి వెయ్యి మిగిలింది, డ్రైవరుకు వెయ్యి పెరిగింది. ఇందులో కొంత ఖాళీ దారిలో పొగైపోయే డబ్బే. ఆ రోజు రోడ్డెక్కే బండ్లు తగ్గుతాయన్నది నిజమే. కానీ ముహూర్తం రోజున కొరత బండ్లకే, బాడుగలకు కాదు.

డీజిల్ మన దగ్గర లీటరు వంద రూపాయలకు దగ్గర్లో ఉంది. 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. సరిహద్దు దాటి బళ్లారిలో పోయించుకుంటే తక్కువ పడుతుందని మన డ్రైవర్లందరికీ తెలుసు. పన్ను తగ్గించడం మీ ఒక్కరి చేతిలో లేదు కాబట్టి ఆ మాట ఇక్కడ ఎత్తను. దేశానికి కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి నుంచే కొంటున్నాం. అంత దూరం నుంచి తెచ్చుకున్న చమురును ఖాళీ తొట్టిని తిప్పడానికి పోయడం మనసుకు కష్టంగా ఉంది. కరెంటు ఏస్ 2022లో వచ్చింది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి మన ఎండనే కరెంటుగా మారుస్తోంది. ఊళ్లో వీధి నుంచి వీధికి మారే సామాన్లకు కరెంటు బండి ఇప్పటికే సరిపోతుంది. అయితే బండి ఏదైనా ఖాళీగా తిరిగితే దండగే, కరెంటుదైనా సరే.

నేను కోరేది ఇది. బదిలీల ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఉద్యోగి నింపే ఫారంలో ఒక గడి చేర్పించండి: సామాన్ల బండి పంచుకోవడానికి ఇష్టమేనా, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, సుమారు ఏ తేదీ, ఏస్ సామానా, పికప్ సామానా. ఇష్టమన్నవాళ్ల వివరాలే, పేర్లు బయట పెట్టకుండా, ఆర్టీసీ కార్గో కౌంటరుకు చేరాలి. ఇందుకు విద్యాశాఖతో, సాధారణ పరిపాలన శాఖతో మీరు మాట్లాడాలి. కౌంటరులో తిరుగు బాడుగ పుస్తకం ఒకటి ఉంచండి. పోయేవాళ్లు ఒక పేజీలో, వచ్చేవాళ్లు ఎదుటి పేజీలో. ఉద్యోగులు కానివాళ్లూ అందులో రాయించుకోవచ్చు. పత్తికొండ మార్కెట్టుకు టమోటా వేసుకుపోయి ఖాళీగా తిరిగొచ్చే బండ్ల వాళ్లు కూడా తమ దారి, తమ వేళ చెప్పి పోవచ్చు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఫోన్ నొక్కితే బండి వచ్చే యాప్‌లున్నాయి, మాకు ఆరంభానికి ఒక పుస్తకం, ఒక ఫోన్ నంబరు, ఒక గుమాస్తా చాలు. జోడీ కుదిరినప్పుడు ఇరువైపులా సంతకాలతో ఒక చీటీ ఇవ్వాలి. బండి నంబరు, సామాన్ల జాబితా, కిలోమీటర్లు, ఎవరి వాటా ఎంత, దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలి, అన్నీ అందులో ఉండాలి. కొత్తవాళ్ల సామాను దించిన బండిలో తమ సామాను పంపడానికి జనం జంకేది నమ్మకం లేకనే. ప్రభుత్వ ముద్ర ఉన్న చీటీ చేతిలో ఉంటే ఆ జంకు సగం తగ్గుతుంది.

అన్ని జోడీలూ కుదరవు. ఒకరు పొద్దున్నే బయలుదేరాలంటారు, ఒకరికి సాయంత్రం గానీ ఇల్లు ఖాళీ కాదు. పాతవాళ్లు పోయాక కొత్తవాళ్లు దిగేలోపు సున్నం వేయించాలని ఇంటాయన పట్టుబడతాడు. పదింటిలో మూడు కుదిరినా మూడు ఖాళీ దార్లు తగ్గినట్టే. మొదట డోన్‌లో, కర్నూలులో, నంద్యాలలో, ఈ మూడు చోట్లే పెట్టి చూడండి. ఒక్క బదిలీల కాలం నడిపి, ఎన్ని జోడీలు కుదిరాయో, ఎన్ని కిలోమీటర్ల ఖాళీ ప్రయాణం తప్పిందో ఆ పుస్తకంలో నుంచే లెక్క తీసి ఊరి నోటీసు బోర్డు మీద పెట్టించండి. బాగుంటే మీ రాయచోటికి, మదనపల్లెకు, కడపకు తీసుకుపోండి.

వచ్చే బదిలీల ఉత్తర్వు వెలువడేలోపు ఈ మూడు కౌంటర్లలో పుస్తకం తెరిపించగలరా, లేదా అన్నది ఒక్క మాట తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
డోన్ నుంచి,
బాడుగ ఇంట్లో ఉంటున్న ఒక పౌరుడు